ముప్పై ప్రశ్నలు, పన్నెండు చీరలు

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయడం అందరికీ కొత్తగా ఉన్న ఆ రోజుల్లో, లోకంలో సగం కష్టాలకు కారణం జనం అక్కర్లేని ప్రశ్నలు అడగడమేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు. మెడలో కంపెనీ వాళ్లు పోస్టులో పంపిన గుర్తింపు బిళ్ల (ఇంట్లో కూడా వేసుకునేవాణ్ణి, స్నానానికి మాత్రం తీసేవాణ్ణి). మా కంపెనీ సాఫ్ట్‌వేరు చేసే పని ఒక్కటే. వాడేవాళ్లకు రెండు వస్తువులు చూపించి "ఇందులో ఏది నచ్చింది?" అంటుంది. అలా అడిగి అడిగి మొత్తం జాబితాను నచ్చిన వరుసలో పేరుస్తుంది. నాలుగు ప్రశ్నలు ఎక్కువైతే అవతలివాడు విసుక్కుని మూసేస్తాడు. కాబట్టి వీలైనంత తక్కువ పోలికలతో జాబితాను వరుసలో పెట్టడం నా కొలువు. పన్నెండు వస్తువులుంటే, ప్రతిదాన్నీ ప్రతిదానితో పోలిస్తే అరవై ఆరు ప్రశ్నలవుతాయి. నేను ముప్పైలో తేల్చేసేవాణ్ణి. (పద్ధతి నాది కాదు, నేను పుట్టకముందే లెక్కల పండితులు కనిపెట్టి పెట్టారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.)

నాన్న మగ్గం వదిలేసి నాగర్‌కర్నూలులో బట్టల దుకాణం పెట్టుకున్నాడు. మా ఇల్లు ఆ దుకాణం మీదే. నేను మీటింగులో గొంతు సవరించుకునేసరికి కింద ఎవరో లంగా గుడ్డకు బేరం మొదలుపెట్టేవారు. ఆ బేరాలు హైదరాబాదు దాకా వినిపిస్తున్నాయని మా మేనేజరు అన్నాక, లాప్‌టాప్ చంకన పెట్టుకుని గద్వాలలో మా మేనత్త ఇంటికి చేరాను. అక్కడ రెండు మగ్గాలు, ఒకటి మామది, ఒకటి అత్తది. "మీ దగ్గర ఏదో మిషను నడుస్తున్నట్టుందే" అన్నాడు మేనేజరు మొదటిరోజే. "సర్వరండీ" అన్నాను.

మా అత్త గురించి చెప్పాలి. వీధిలో ఆమెకు సీఐడీ అని పేరు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటుంది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటుంది. టమాటాలు కొనేటప్పుడు ఒక్కోదాన్నీ తిప్పి, పక్కదానితో పోల్చి, మళ్లీ మొదటిదాని దగ్గరకు వెళ్లి "ఇందాక నువ్వు గిట్ల లేవే" అన్నట్టు చూస్తుంది. నేను గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కణ్ణే ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే తలుపు సందులోంచి చాలా రోజులు గమనించింది. "నిజంగనే జీతమిస్తరారా, నీకు నువ్వే మాట్లాడుకుంటున్నవా?" అని ఒకనాడు నిలదీసింది కూడా.

ఆ వీధి నేతగాళ్లకు ఒక సంఘం ఉంది. ఏటా ఒకసారి పన్నెండు ఇళ్లవాళ్లు తమ ఉత్తమమైన చీర తెచ్చి సంఘం హాల్లో పెడతారు. వాటిలో మొదటి మూడు హైదరాబాదు ప్రదర్శనకు వెళతాయి, నేసినవాళ్ల పేరు రాసిన చీటీ అంచుకు కుట్టించుకుని. మిగతా తొమ్మిదింటికీ కూడా వరుస చెప్పి తీరాలని ఆనవాయితీ (ఎవరి వెనక ఎవరున్నారో ఏడాదంతా చెప్పుకోవడానికి ఉండాలి కదా). మా అత్త ఇంటి నుంచి ఎప్పుడూ చీర మామ పేరుతోనే వెళ్లేది, సగం అత్త నేసినా సరే. ఆ ఏడు తొలిసారి, మొదటి పోగు నుంచి చివరి పోగు దాకా తనే నేసిన నెమలికంఠం రంగు చీరను తన పేరుతో రాయించింది. మొదటి మూడింటిలో పడితే ఆమె పేరు చీటీ మీదికెక్కుతుంది. బయటికి "పడితే పడ్తది, లేకుంటే లేదు" అనేదిగానీ, ఆ వారమంతా అన్నంలో ఉప్పు రెండుసార్లు వేసింది.

చీరలు చూసి వరుస చెప్పేది నాణ్యం తాత. "నాణ్యం లేదు" అన్నది ఆయన ఊతపదం. గుమ్మంలో నిలబడే లోపలి మగ్గం మీది రంగు తేడా పట్టేసేవాడని చెప్పుకునేవారు. ఆడపిల్లలను కండెలు చుట్టడానికే తప్ప మగ్గం గుంటలో కూర్చోనివ్వని కాలంలో మా అత్తను కూర్చోబెట్టి నేత నేర్పిందీ ఆయనే. లోకంలో మా అత్త అనుమానించని మనిషి ఆయనొక్కడే. ప్రతి చీరనూ ప్రతి చీరతో పక్కపక్కన పెట్టి చూడటం ఆయన పద్ధతి. అరవై ఆరు జతలు, రెండు రోజులు. కానీ ఆ ఏడు ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. "రెండు దినాలు కూసోవాల్నంటే నాతోని కాదు" అని కబురు పెట్టేసరికి సంఘం సెక్రటరీ పరేషాన్ అయ్యాడు.

ఇంకేం, నా పాలిట దేవుడే దిగివచ్చాడు. సెక్రటరీ సారు దగ్గరకెళ్లి, ముప్పై జతలతో పొద్దుగూకేలోపు తేల్చేస్తానన్నాను. ఇద్దరం కలిసి తాత ఇంటికి వెళ్లాం. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"బిడ్డా, ఒకపారి అడిగింది మల్ల అడగదు గద నీ మిషిన్?"

"అడగదు తాతా. దానికి అవసరమే ఉండదు. తెలిసినదాన్ని బట్టి తెలియనిది అదే లెక్కగడుతుంది."

"తిప్పి తిప్పి గూడ అడగదా?"

"ఛ, అది పాతకాలం పద్ధతి తాతా."

"అయితె పెట్టు" అన్నాడు, ఎంతో తృప్తిగా. అంత పెద్ద పనివాడు నా ప్రోగ్రామును ఒక్కమాటలో అర్థం చేసుకున్నాడని నాకు ఒళ్లు పులకరించింది. మేనేజరుకు కూడా అర్థం కావడానికి మూడు మీటింగులు పట్టింది మరి.

సంఘంలో మాత్రం అగ్గి పుట్టింది. అందరికంటే ముందు లేచింది రాజోలి మామ. రాజోలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నేతగాడు, వీధిలో అందరూ మామా అనే పిలుస్తారు. కిందటేడు ఆయనకు రెండో స్థానం. "పోరడు ఎవరి అల్లుడు? సీఐడీ అల్లుడు. ఇగ నెమలికంఠం ఫస్టు రాకుంటె నా మీసం తీసేస్త" అన్నాడు. నేను తెల్లబోయాను. చీరలకు పేర్లుండవు, చీటీ నంబర్లే ఉంటాయని చెబితే, "నంబరు ఎవరిదో నీకు తెల్వదా?" అన్నారు. అయితే నేను గోడవైపు తిరిగి కూర్చుంటానన్నాను. "గోడకు అద్దమున్నది" అన్నారు. అద్దం తీశారు. ఫోను తీసుకున్నారు. హైదరాబాదు నుంచి ఎవరైనా వేలు పెడతారేమోనని వైఫై పీకేశారు. ఇన్ని చేశాక మా అత్త లేచి, "ఎవ్వరు గూడ తాత దగ్గరికి రావొద్దు. సైగలు చేస్తరు. చీరలు తాత మనవరాలే విప్పాలె" అని ఇంకో షరతు పెట్టింది. తన మీద వేసిన అనుమానాలకు వడ్డీతో సహా బదులు తీర్చుకుందన్నమాట.

అలా, నా జీవితంలో మొదటిసారి నా ప్రోగ్రాము బహిరంగంగా నడుస్తున్న రోజున, నేను సున్నం గోడను చూస్తూ కూర్చున్నాను. తెర మీద వచ్చిన నంబర్లు చదవడం, వెనకనుంచి వచ్చిన జవాబు నొక్కడం. "ఏడు, పదకొండు." చీరల గరగర. "ఏడు మేలు." నొక్కాను. ముందు పన్నెండింటినీ ఆరు జతలు చేసి, గెలిచినవాటిని వరుసలో పెట్టి, ఓడినవాటిని ఆ వరుసలో నడుమ నుంచి చూసుకుంటూ ఇరికించుకుంటూ పోతుంది ప్రోగ్రాము. నాకు అదంతా సంగీతంలా ఉంది. వెనకవాళ్లకు మాత్రం మోసంలా ఉంది. "నా చీర రెండేపార్లు విప్పిండ్రు, వానిది అయిదుపార్లు విప్పిండ్రు!" అని ఒకరు. "ఎక్కువపార్లు విప్పితె మడత పాడైతది, కావాల్నని విప్పుతున్నరు" అని ఆ అయిదుసార్ల ఆయన. నేను గోడకు చెప్పుకున్నాను, అజ్ఞానం, అజ్ఞానం అని.

మధ్యాహ్నం చాయ్ తాగే వేళకు అయిపోయింది, ముప్పై ప్రశ్నల్లోపే. సెక్రటరీ సారు వరుస చదివాడు. మూడో స్థానం రాజోలి మామ ఆకుపచ్చ చీర. నాలుగోది వీధి చివరింటివాళ్ల ఎర్ర చీర. ఐదోది నెమలికంఠం.

మా అత్త లేచి నడుమున చేయి పెట్టుకుంది. "నా చీరను ఆకుపచ్చదానితోని ఎప్పుడు చూసిండ్రు?"

"చూడలేదత్తా. అవసరం లేదు. ఆకుపచ్చది ఎర్రదానికన్నా మేలని తాతే అన్నాడు. ఎర్రది నీదానికన్నా మేలనీ తాతే అన్నాడు. ఇంక ఆకుపచ్చది నీదానికన్నా మేలే కదా. పక్కపక్కన పడ్డవాటిని పోల్చక తప్పదు గానీ, ఒకటి దాటి ఇంకోదాన్ని..."

"అవసరం లేదని నువ్వెవడివిరా చెప్పనీకి? నువ్వు నేసినవా? చూడకుంటనే ఓడిస్తావురా నన్ను?"

నిజం చెప్పాలంటే నాకప్పుడు జాలి కలగలేదు, కోపమే వచ్చింది. గణితం నిరూపించిన విషయాన్ని సొంత మేనత్త కాదంటోంది! రాజోలి మామ మాత్రం ఉత్సాహంగా, "చూద్దాం పా, నాకేం భయం" అని తన ఆకుపచ్చ చీర చేతికి తీసుకున్నాడు. ఒక్క జత కోసం మనవరాలెందుకు, ఎవరి చీర వాళ్లే విప్పి పట్టాలని తేలింది. నన్ను కూడా ఇటు తిరగనిచ్చారు. ఆ రోజు నేను తాతను చూడటం అదే మొదలు.

తాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. చీర అంచూ, నడిమి ఒళ్లూ కలిసే చోట బొటనవేలితో నెమ్మదిగా రాశాడు. ముందు ఆకుపచ్చది, తర్వాత నెమలికంఠం. కొంగు పూర్తిగా విప్పించి మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. "ఇది మేలు" అన్నాడు నెమలికంఠం మీద చెయ్యి పెట్టి. "కొంగు ఈ కొస నుంచి ఆ కొస దాంక రంగు ఒక్కతీరుగున్నది. సూదిమొనంత తేడా లేదు. గిదీ నాణ్యమంటె."

హాలు ఒక్కసారిగా లేచింది. "మిషిన్ తప్పు! మిషిన్ తప్పు!" రాజోలి మామ ఆకుపచ్చ చీర జెండాలా పట్టుకుని అరుస్తున్నాడు. నా చెవులు కాలిపోయాయి. లాప్‌టాప్ ఎత్తి పట్టుకుని నేనూ అరిచాను. "మిషిన్ తప్పు కాదు! తాత చెప్పిన ప్రతి జవాబూ ఇందులో ఉంది. మాట మార్చింది మిషిన్ కాదు. కావాలంటే ఎర్ర చీరనూ నెమలికంఠాన్నీ మళ్లీ ఒక్కసారి తాతకు ఇవ్వండి, ఇప్పుడే తేలిపోతుంది!"

సెక్రటరీ సారు ఎర్ర చీర కోసం చెయ్యి చాపాడు కూడా. అప్పుడు మా అత్త వచ్చి నా మోచేతి పైన గిల్లింది. మామూలు గిల్లుడు కాదు, వారం రోజులు నల్లగా ఉండిపోయింది. చూస్తే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మిషిన్ల తప్పుందని చెప్పు."

"లేదత్తా..."

"నీకు దండం పెడ్తరా. చెప్పు."

నేను ఆమెకు దండం పెట్టాల్సిన వయసులో ఆమె నాకు దండం పెడతాననేసరికి లాప్‌టాప్ దించేశాను. ఎందుకో తెలియదు, ఆ మొహం చూసి చెప్పేశాను. "నా ప్రోగ్రాములో బగ్గుంది." ఎవరికీ అర్థం కాలేదు. "అంటే, పురుగు" అని వివరించాను. దానితో ఉన్న గోల చాలదన్నట్టు జనం చీరలు దులపడం మొదలుపెట్టారు. అది కాదు, లెక్కలో పురుగు, నాదే పొరపాటు అని నాలుగుసార్లు చెప్పాను. సెక్రటరీ సారు, పురుగు దొరకని చీరలోకి చూసినంత నిరాశగా నాలోకి చూశాడు. లెక్కే తప్పన్నాక ఆ రోజు వరుసంతా రద్దు. ఇంకోరోజు తాతను కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి, కిందటేడు మొదటి ముగ్గురినే ఈ ఏడూ పంపమని చెప్పింది ఎవరనుకున్నారు? మా అత్తే. కిందటేడు మొదటి ముగ్గురిలో మా ఇంటి మామ పేరు కూడా లేదు. రాజోలి మామ అనుమానంగా ఆమెను పైనుంచి కిందకు చూసి, ఏ లాభం లేకుండా ఈమె ఇలా అనదే అని ఆలోచించి, తన పేరు ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చాక నేను అన్నం ముందు అలిగి కూర్చున్నాను. అత్త నెమలికంఠం చీర తెచ్చి నా ముందర కొంగు విప్పింది. చివర నాలుగు వేళ్ల మేర చూడమంది. మొదట నాకేమీ కనిపించలేదు. వెలుగులోకి తిప్పింది. ఆ నాలుగు వేళ్ల మేరా రంగు ఒక పిసరు తక్కువగా ఉంది.

"అద్దిన పట్టు అయిపోయింది. మల్ల అద్దించిన. ఎంత జేసినా రెండో అద్దకంల అదే రంగు రాలేదు. ఇంక దినాలు లేవు, దాంతోనే నేసిన. ఎవ్వలకు గనపడదులే అనుకున్న, తాతకు తప్ప. పొద్దటి సంది గుండె దడదడ. ఇగ పట్టుకుంటడు, అగ పట్టుకుంటడు అని." చీర మడవసాగింది. "ఆ మనిషి నా కొంగు పట్టుకొని సూదిమొనంత తేడా లేదన్నడురా. రంగు కండ్లకు గనపడతలేదు ఆయనకు. వేలితోనే చూస్తుండు. మల్ల ఎర్రచీర చేతిల పెడితె, పదిమందిల ఏమయ్యేది ఆయన?"

అప్పుడు గానీ నా బుర్రలో దీపం వెలగలేదు. తక్కువ పోలికలతో తేల్చే పద్ధతి, జవాబు ముందే తెలిసిపోయిన ప్రశ్నను ఎన్నటికీ అడగదు. అడగదు కాబట్టి, చెప్పేవాడు మాట తప్పినా దానికి ఎన్నటికీ దొరకడు. అరవై ఆరూ అడిగి ఉంటే ఉదయం పది గంటలకల్లా తాత దొరికిపోయేవాడు. "మల్ల అడగదు గద" అని ఆయన రెండుసార్లు అడిగింది నా ప్రోగ్రాము గొప్పతనం అర్థమై కాదు. నేను మాత్రం పులకరించిపోయాను!

"మరి నీ పేరు?" అన్నాను. "అన్నం సల్లగైతుంది" అంది అత్త. నాకు ఏడుపొచ్చింది. తిన్నాను.

మూడో రోజు తాత మనవరాలి చెయ్యి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అత్త కంగారుగా కుర్చీ వేసి, "చాయ్ పెడ్త" అంటూ లోపలికి పోబోయింది. "కూసో" అన్నాడు. "నువ్వు పుట్టినకాడ్నుంచి చూస్తున్న. కన్నతండ్రి చెప్పినా నమ్మే దానివి కాదు. గా దినం ఇంత లొల్లి పెట్టి చీర గెలిచినంక, తక్కున ఊకున్నవ్. మిషిన్ తప్పన్నవ్. నువ్వు అనుమానపడలేదంటెనే నాకు అనుమానమొచ్చింది." తర్వాత గొంతు తగ్గించి, "చీరల ఏమున్నదే నాకు గనపడనిది?" అని అడిగాడు. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. ఆయన తల ఊపాడు. లేచేటప్పుడు, "వచ్చే ఏడు సంది నువ్వు చూడు. సంఘంల నేను చెప్త" అన్నాడు. గుమ్మం దాటుతూ నా వైపు (నా వైపనే అనుకుంటాను, గోడకు చిలక్కొయ్య కూడా అటే ఉంది) తిరిగి, "బిడ్డా, నావల్ల నీ మిషిన్‌కు చెడ్డపేరొచ్చింది" అన్నాడు.

అలా మా అత్త ఆ కుర్చీలో కూర్చుంది. చూసేవాళ్ల చీర వరుసలో ఉండకూడదని సంఘం నియమం. అంటే ఆమె పేరు రాసిన చీటీ ఏ చీర అంచుకూ ఇక పడదు. ఆ సంగతి తెలిసే ఒప్పుకుంది. ఇక ఆమె చూడటం ఎలా ఉంటుందంటారా? అరవై ఆరు జతలూ చూస్తుంది. చూసేసిన జతల్లో ఒకటి రెండు మధ్యలో మళ్లీ తెప్పిస్తుంది, తన మీద తనకు అనుమానం కాబట్టి. "తిప్పి తిప్పి అడుగుండ్రి నన్ను" అంటుంది. చీరలు పట్టుకోవడానికి ఎవరినీ నమ్మదు కనుక నన్నే రమ్మంటుంది. నేను ఇప్పుడు హైదరాబాదులో కాస్త పెద్ద కొలువులోనే ఉన్నాను, జాబితాలను ఎంత తక్కువ పోలికలతో పేర్చవచ్చో పిల్లలకు పాఠాలు కూడా చెబుతుంటాను. ఏటా రెండు రోజులు సెలవు పెట్టి గద్వాలలో చీర కొసలు పట్టుకుని నిలబడతానని వాళ్లకు చెప్పలేదు. వీధిలో మాత్రం నేను కనిపిస్తే రాజోలి మామ, "పురుగు సారొచ్చిండు, చీరలు దులుపుండ్రి" అని ఇప్పటికీ అంటాడు. నేను రాసిన ప్రోగ్రాములు నూటొక్కటి ఉన్నాయి. గద్వాలలో నా పేరు నిలబెట్టింది నేను రాయని ఆ ఒక్క తప్పే.

మొన్నటి ఏడు రెండో రోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, హాలు తాళం వేయబోతూ అత్త ఆగింది. సంచిలోంచి ఒక చీర తీసింది. ఆ ఏడు తను కొత్తగా నేసినది, ఎవరికీ చూపించనిది. మొదటి స్థానం వచ్చిన చీర పక్కన పరిచి, చెంగు సర్ది, పక్కకు జరిగి నిలబడింది. ఆమె వాటిని చూడటం లేదు, నన్ను చూస్తోంది.

"ఏది మేలురా?"

"నీదే అత్తా."

"చూసి చెప్పినవా?"

"చూసే చెప్పిన."

చూడలేదు. నా ఇన్నేళ్ల కొలువులో ఒక్క పోలికా లేకుండా తేల్చిన జాబితా అదొక్కటే. అత్త నా మొహంలోకి చాలాసేపు అనుమానంగా చూసింది. తర్వాత నవ్వుతూ చీర మడిచి సంచిలో పెట్టుకుంది.